యాప్‌కు దొరకని పుస్తకాలు

పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళలో మా ఆయన నాగేశ్వర్ మొత్తం ఒకటిన్నర పుస్తకం చదివారు. ఒకటి డ్రైవింగ్ లైసెన్సు పరీక్ష కోసం. మిగతా సగం బరువు తగ్గడం ఎలాగో చెప్పే పుస్తకంలోది. ఏ పేజీ దగ్గర ఆపేశారో ఆయన నడుము చూసి చెప్పవచ్చు. అలాంటి మనిషికి మొన్న మార్చిలో, పదకొండు రోజుల్లో, ఆరువందల పన్నెండు పుస్తకాల సొంత లైబ్రరీ తయారైంది. ఇంట్లోకి మాత్రం ఒక్క కాగితం ముక్క అదనంగా రాలేదు.

దీనికి మూలం మా బావగారి కూతురు అనూహ్య. బావగారిది సంగారెడ్డిలో పప్పుల దుకాణం. అనూహ్యది ఇంజనీరింగులో ఆఖరి ఏడు. కాలేజీ దగ్గరవుతుందని పటాన్‌చెరులో మా ఇంట్లోనే ఉంటుంది. ప్రాజెక్టు అంటూ ఒక వెబ్ యాప్ చేసింది. ఎవరి పుస్తకాల జాబితా వాళ్ళు దాచుకోవడానికి. పైన గడిలో పుస్తకం పేరు కొడితే ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న పెద్ద జాబితాలో వెతికి, అట్ట బొమ్మ, రాసినవారి పేరు తెచ్చి చూపిస్తుంది. పక్కనే పచ్చ బటన్. నొక్కితే ఆ పుస్తకం 'నా పుస్తకాలు' అనే పేజీలోకి వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో ఏమున్నాయో గుర్తుండాలని, ఉన్నదే మళ్ళీ కొనకూడదని. పిల్ల నా బాధ చూసే చేసింది. నేను కోఠీలో పాత పుస్తకాల దగ్గర బేరమాడి గెలిచి, ఆనందంగా ఇంటికి తెచ్చి, షెల్ఫ్‌లో అదే పుస్తకం పక్కన పెట్టిన సందర్భాలు మూడున్నాయి.

"చిన్నమ్మా, నీ పుస్తకాలతోనే టెస్ట్ చేస్త," అన్నది.

చేసేదే. ఈలోపు ఈయన చూశారు.

"ఏందిది బిడ్డా?"

"వెబ్ యాప్ కాకా. డౌన్‌లోడ్ గిట్ల ఏం లేదు. లింకు నొక్కి లోపలికి పోవుడే. పుస్తకం వెతికి, బటన్ నొక్కితే నీ లిస్టులకు వస్తది."

"నొక్కితే నాదైతదా?"

"నీ లిస్టులకు వస్తది కాకా."

"అదేనే, నాదైనట్టే కదా."

అనూహ్య నా వంక చూసింది. నేను తరుగుతున్న బెండకాయల వంక చూశాను.

ఆయనది గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం ఉద్యోగం. ఆ విభాగానికి ఒకటే మతం. రాసి ఉంటే జరిగింది, రాసి లేకపోతే జరగలేదు. పౌడరు కలిపిన మనిషి ఎదురుగా నిలబడి, ఒంటి నిండా పౌడరుతో, కలిపిన సార్ అన్నా సరే, రిజిస్టర్లో సంతకం లేకపోతే కలపలేదు. ఈయన పందొమ్మిదేళ్ళుగా ఆ మతంలో ఉన్నారు, ఇంటికొచ్చాక కూడా దీక్ష విడవరు. మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె మీద తేదీ ఉంటుంది. మామిడికాయ తొక్కు జాడీకి బ్యాచ్ నంబరున్న ఇల్లు పటాన్‌చెరులో మాదొక్కటే అనుకుంటాను.

ఇలాంటి మనిషి చేతికి యాప్ దొరికింది. పొద్దున కంపెనీ బస్సులో వెళ్ళేటప్పుడు నొక్కారు. సాయంత్రం వచ్చేటప్పుడు నొక్కారు. అన్నం కంచం ముందు కూర్చుని లెక్క చెప్పేవారు.

"ఇయ్యాల నలభై పుస్తకాలు చేసిన."

"చదివినరా?"

"చేసిన అంటున్న గదా."

ఏం చేశారో ఒకసారి చూశాను. నాయకత్వం మీద ఎనభై. పొద్దున్నే లేవడం మీద ముప్పై. ఆయనను రోజూ లేపేది నేను. సమయం వృథా చేయకుండా ఉండటం మీద అరవై దాకా, వాటిని చేర్చడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. రెండు జర్మన్ భాషలో ఉన్నాయి. ఎందుకని అడిగితే అట్ట బాగుందన్నారు. క్యాంటీన్‌లో అందరికీ చూపించారు. వాళ్ళ పెద్ద సారు శివశంకర్ గారు కూడా చూసి, "ఇన్ని పుస్తకాలా! ఎప్పుడు చదువుతవయ్యా?" అన్నారట. అది ప్రశ్న అని ఈయనకు తోచలేదు. మెచ్చుకోలుగా తీసుకుని ఇంటికొచ్చి చెప్పారు.

దాంతో ఊరుకుంటే నాకు పోయేదేమీ లేదు. వేరేవాళ్ళు ఫోనులో లేని పొలాల్లో లేని పంటలు పండించుకుంటారు. ఈయన లేని పుస్తకాలు పేర్చుకుంటున్నారు. కానీ శనివారం రాత్రి భోజనం దగ్గర ఈయన తల ఎత్తి, హాల్లో గోడ వైపు చూశారు. ఆ గోడకు నా షెల్ఫ్ ఉంది.

నా షెల్ఫ్‌లో రెండువందల ఎనభై ఆరు పుస్తకాలున్నాయి. సంగారెడ్డిలో డిగ్రీ చదివిన రోజుల నుంచి పోగేసినవి. వాటిలో నలభై ఒకటి అసలు పుస్తకాలుగా పుట్టనే లేదు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ళు. వారం వారం పేజీలు కత్తిరించి, వరసలో పెట్టి, సూది దారంతో కుట్టి, బ్రౌన్ పేపర్ అట్ట వేసి, పైన స్కెచ్ పెన్‌తో పేరు రాసినవి. ఒక వారం పత్రిక దొరక్కపోతే ఎదురింటి కౌసల్యమ్మ దగ్గర బతిమాలి తెచ్చుకుని, ఆమె వెనక పేజీలోని వంటకం కావాలంటే ఆ వంటకాన్ని చేత్తో రాసిచ్చి, పేజీ నేను తీసుకున్నాను. ఆ పత్రికలు కొన్ని మూతపడ్డాయి. ఆ కథలు చాలావరకు పుస్తకాలుగా అచ్చు కాలేదు. లోకంలో వాటి ప్రతి ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. నా దగ్గర మాత్రం ఉంది.

ఆదివారం పొద్దున ఈయన స్నానం చేసి, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మూడు లేబుల్ చుట్టలు పట్టుకుని షెల్ఫ్ ముందు స్టూలు వేసుకున్నారు. పసుపు, పచ్చ, ఎరుపు. వాళ్ళ దగ్గర లారీలో వచ్చిన మాలుకు ముందు పసుపు లేబుల్ వేస్తారు, పరీక్ష కాలేదని. పాసైతే పచ్చ, ఫెయిలైతే ఎరుపు. నా పుస్తకాలన్నిటికీ ఒక గంటలో పసుపు అంటించేశారు. తర్వాత ఒక్కొక్కటి తీసి యాప్‌లో పేరు కొట్టడం మొదలుపెట్టారు.

దొరకలేదు. దొరకలేదు. దొరకలేదు.

ఎలా దొరుకుతాయి? ఊళ్ళో సొంత డబ్బుతో అచ్చేసుకున్న కవిత్వం, యాభై ఏళ్ళ కిందటి పాత నవలలు, అట్ట లేనివి, అట్ట ఉన్నా వెనకాల నంబరు లేనివి. యాప్ వెతికే పెద్ద జాబితా అమెరికా వాళ్ళదో ఎవరిదో. దానికి మా కోఠీ దారి తెలియదు.

ఒక సీరియల్ తీశారు.

"ఇది ఏ కంపెనీ?"

"కంపెనీ లేదు. వారపత్రికల వచ్చింది."

"కవర్?"

"బ్రౌన్ పేపర్. మీ అన్నగారి దుకాణంలదే."

"రాసినామె ఎవరు?"

"మొదటి వారం పేజీల ఉండె. ఆ ముక్క చినిగింది."

"అంటే తయారుచేసినోళ్ళ పేరు లేదు, తేదీ లేదు, నంబర్ లేదు." ఆయన ఎర్ర లేబుల్ తీశారు. "గిట్లాంటిది మా గేటు లోపలికే రానియ్యం."

"ఎర్ర లేబుల్ వేస్తున్నవేంది కాకా?" అనూహ్య చదువుకునే గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "దొరకకపోతే చేతితోని ఎక్కించుకునే ఆప్షన్ ఉంది. కింద చూడు, 'నేనే రాస్తా' అని పెట్టిన. అదే ముఖ్యమైన ఆప్షన్. చిన్నమ్మ కోసమే పెట్టిన."

"చేతితోనా?" ఈయన ఆ బటన్‌ను చూసి పామును చూసినట్టు వెనక్కి జరిగారు. "చేతితోని ఎక్కిస్తే మా దగ్గర ఉద్యోగం పోతది. ఎవలు ఏం రాస్తరో ఏం తెలుసు?"

"ఇది ఫ్యాక్టరీ కాదు కాకా. పుస్తకం నీ చేతులనే ఉంది."

"చేతిల ఉంటే ఏమైతది? రికార్డుల ఉండాలె."

మధ్యాహ్నానికి తొమ్మిది పచ్చ, రెండువందల డెబ్బై ఏడు ఎరుపు. పచ్చవాటిలో ఒకటి డిక్షనరీ, రెండు నా డిగ్రీ ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు. పాఠ్యపుస్తకాలను నేను పరీక్ష అయిన రోజే అవతల పారేయాల్సింది, బద్ధకించాను. ఇప్పుడవి మా ఇంటి గర్వకారణాలు.

"రిజెక్ట్ అయిన మాలు, పాసైన మాలు ఒక్క దగ్గర ఉండొద్దు," అన్నారు. తొమ్మిది అట్టపెట్టెలు తెచ్చి, ఎర్రవన్నీ నింపి, కింద స్కూటర్లు పెట్టుకునేచోట గోడవారగా పేర్పించారు. "వచ్చే ఆదివారం ఐలన్నను రమ్మన్న."

ఐలన్న మా కాలనీకి పాత కాగితాలు, సీసాలు కొనుక్కుని పోయే మనిషి. ట్రాలీ ఆటో ఉంది. అతని ఆటో ఎక్కిన కాగితం వారంలో మిల్లులో గుజ్జయి, నెలలో మళ్ళీ అట్టపెట్టె అవుతుంది. ఆ పెట్టెలో మా బావగారు మిరపకాయలు అమ్ముతారు.

"నావి నాకు వదిలెయ్యుండ్రి," అన్నాను.

"నీవి నావి అని కాదు విమలా. దొరికినయి, దొరకనియి. అంతే."

"దొరకకపోతే లేనట్టేనా? ఇరవై ఏండ్ల సంది చదువుతున్న గదా."

"నువ్వు చదివినవని ఎక్కడ రాసి ఉంది?"

దీనికి జవాబు చెప్పేంత చదువు నాకు లేదు. ఒట్టి డిగ్రీ.

ఏడవలేదు, అన్నం మానలేదు. దొంగతనం చేశాను. సోమవారం ఆయన బస్సెక్కగానే కిందికి దిగి, సీరియళ్ళ పెట్టె విప్పి, పదకొండు పైకి తెచ్చాను. ఆరు బియ్యం డబ్బాలో, ఐదు వాషింగ్ మెషీన్‌లో. మిగతా ముప్పై మెల్లగా తెద్దామని. కానీ సాయంత్రం ఈయన ఇంట్లోకి రాకముందే కిందనే నిలబడి పెట్టెలు విప్పి పుస్తకాలు లెక్కపెట్టారు. ఆ అలవాటు నాకు తట్టనే లేదు. రిజెక్ట్ మాలుకు రోజూ లెక్క తేలాలట.

"రెండువందల డెబ్బై ఏడు ఉండాలె. రెండువందల అరవై ఆరే ఉన్నయి. పదకొండు షార్టేజ్."

"ఎలుకలేమన్న..."

"ఎలుకలు పెట్టెకు మళ్ళ టేపు వేస్తయా?"

అరగంటలో బియ్యం డబ్బా పట్టుబడింది. మర్నాడు బట్టలు నానబెట్టడానికి వెళ్ళి వాషింగ్ మెషీన్ కూడా ఆయనే పట్టుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన బట్టలు నానబెట్టడానికి వెళ్ళింది అదే మొదటిసారి. బియ్యం డబ్బాలోంచి తీసిన ఒక సీరియల్‌ను నా ముందే దులిపి, మళ్ళీ పెట్టెలో వేసి, పెట్టెకు తాడు కట్టి ముడి మీద సంతకం చేశారు. అప్పటి నుంచి నేను శనివారం దాకా ఊరికే వంట చేశాను. పప్పులో ఉప్పు ఒక్కపూట రెండుసార్లు పడింది. అది పొరపాటని రాసుకోమన్నాను.

ఆదివారం పొద్దున పదకొండుకు ఐలన్న వచ్చాడు. నేను మెట్ల మీద నిలబడ్డాను, అనూహ్య నా పక్కన. ఆ పిల్ల వారం రోజులుగా నాకు క్షమాపణలు చెబుతూనే ఉంది. చేసింది తను కాదని నేను చెబుతూనే ఉన్నాను. ఐలన్న ఒక్కో పెట్టె ఎత్తుతూ, "ఏం బరువున్నయమ్మా, ఇటుకలా?" అన్నాడు. నాలుగు పెట్టెలు ఎక్కాయి. సీరియళ్ళది ఐదోది. ఐలన్న దాన్ని భుజానికెత్తుకున్నాడు. నా చేతులు మెట్ల పిట్టగోడను పట్టుకున్నాయి.

అప్పుడు ఈయన ఫోను మోగింది.

"నమస్తే సార్... ఇస్నాపూర్‌లనా? ఫంక్షన్ హాల్లనా? ఆహా... మా ఇంటికా? ఇప్పుడా?" ఆయన గొంతు మెట్టు మెట్టుగా సన్నబడింది. "లైబ్రరీ చూసుటానికా సార్? తప్పకుండ సార్. మా అదృష్టం సార్."

ఫోను పెట్టేసి, మొదట ఆటో వంక చూశారు. తర్వాత పైకి, మా హాలు కిటికీ వంక. ఆ కిటికీ లోపల పన్నెండడుగుల షెల్ఫ్ ఉంది, దానిలో తొమ్మిది పుస్తకాలున్నాయి.

శివశంకర్ సారు అన్ని యూనిట్లకూ క్వాలిటీ పెద్ద. కాజీపల్లిలో కొత్త యూనిట్ మొదలవుతోంది, దానికి ఇన్‌ఛార్జిగా ఎవరిని పెట్టాలో చెప్పేది ఆయనే. చుట్టాల నిశ్చితార్థానికి ఇస్నాపూర్ వచ్చారట. ఛాయ్ తాగి, లైబ్రరీ చూసి పోతారట. అరగంటలో.

"ఐలన్నా, ఆగు! దించు, దించు!"

"ఇప్పుడేగా ఎక్కియ్యమన్నరు సారూ? నింపాల్నా దించాల్నా, ఒక్క మాట సెప్పు."

"దించుమన్న! విమలా, జల్దీ రా, పైకి తీస్కపోదాం. ఎట్ల పడితే గట్ల పెట్టెయ్యి, నిండుగ కనవడితే చాలు."

నేను మెట్టు మీద కూర్చున్నాను.

"రిజెక్ట్ అయిన మాలు గదండీ," అన్నాను. "మళ్ళ లోపలికి ఎట్ల తెస్తరు?"

"నన్ను పరేషాన్ చెయ్యకు విమలా."

"పరేషాన్ ఏం లేదు, పద్ధతి అడుగుతున్న. మీ దగ్గర గిట్ల పొరపాటున రిజెక్ట్ చేసింది మళ్ళ తెచ్చుకోవాలంటే ఏం జేస్తరు? ఊరికెనే ఎత్తుకొస్తరా?"

"ఊరికెనే ఎట్ల తెస్తరు!" ఆ కంగారులో కూడా ఆయనకు కోపం వచ్చింది, వాళ్ళ విభాగం పరువు పోయినట్టు. "కాగితం రాయాలె. తప్పెందుకు జరిగిందో రాయాలె, ఎవరిదో రాయాలె, మళ్ళ గట్ల కాకుండ ఏం జేస్తరో రాయాలె. సంతకాలు పెట్టాలె."

"రాయుండ్రి మరి."

అనూహ్య అప్పటికే పైకి పరుగెత్తి తెల్ల కాగితం, పెన్ను తెచ్చేసింది. నేను చెప్పకుండానే తెచ్చింది. ఆ పిల్లకు ఇంజనీరింగ్ వృథా.

స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి ఈయన రాశారు. నేను చెప్పాను.

"కారణం: యాప్‌లో దొరకకపోవడం పుస్తకం తప్పు కాదు."

"ఇది ఎందుకు?"

"కారణం ఉండాలంటిరి గదా. బాధ్యులు: కె. నాగేశ్వర్."

రాశారు.

"ఇకముందు తీసుకునే చర్య: ఈ రెండువందల డెబ్బై ఏడు పుస్తకాలు గానీ, ఇకముందు విమల కొనేవి గానీ, విమల సంతకం లేకుండా షెల్ఫ్ మీద నుంచి కదిలించరాదు."

"ఇకముందు కొనేవి ఎందుకే మధ్యల?"

"టైమెంతైంది అనూహ్యా?"

"పదకొండుంబావు చిన్నమ్మా. ఇస్నాపూర్ నుంచి ఇక్కడికి ఎంతసేపు, పదిహేను నిమిషాలు."

రాశారు. సంతకం పెట్టారు. తేదీ వేశారు. అలవాటుగా కింద 'సరిచూసినవారు' అని గీత కూడా కొట్టారు. అక్కడ అనూహ్య పెట్టింది.

"నేను గూడ ఏలిముద్ర ఎయ్యాల్నామ్మా?" అన్నాడు ఐలన్న.

"నువ్వు పెట్టెలు ఎత్తు ఐలన్నా, నీకు మిర్చీ బజ్జీలు వేస్త."

నాలుగు పెట్టెలు ఐలన్న, ఐదు పెట్టెలు మా ఆయన. మొదటి అంతస్తే, అయినా మూడో పెట్టె దగ్గరే ఆయన ఊపిరి మా వాటర్ మోటర్‌లా మొదలైంది. పుస్తకాలు సర్దింది నేను. ఎట్లా పడితే అట్లా పెట్టలేదు, ఎవరి చోట వాళ్ళను పెట్టాను. షెల్ఫ్ నిండింది. వీపు వీపుకీ ఎర్ర లేబుల్, రెండువందల డెబ్బై ఏడు. పీకడానికి టైము లేదు.

"సార్ అడిగితే ఏం చెప్తవ్ కాకా?"

"తెలుగు సెక్షన్ కలర్ అని చెప్త," అన్నారు చొక్కా మార్చుకుంటూ.

శివశంకర్ సారు పట్టు కుర్తాలో, నిశ్చితార్థం తమలపాకు నములుతూ వచ్చారు. సోఫాలో కూర్చున్నారు. మా సోఫా వీపు షెల్ఫ్ వైపు ఉంటుంది. మా ఆయన ఆయనకు ఎదురుగా, షెల్ఫ్ కనపడేలా నిలబడ్డారు, పెళ్ళిచూపుల్లో తండ్రిలాగా. నేను మిర్చీలు, ఛాయ్ తెచ్చి పెట్టాను.

సారు కుర్తా జేబులోంచి ఫోను తీశారు.

"ఎంతయింది నాగేశ్వర్ నీ నంబర్?"

"ఏడువందల నాలుగు సార్."

"నేను మంగళవారం మొదలుపెట్టిన." ఫోను ఇటు తిప్పారు. "పద్నాలుగు వందలు."

మా ఆయన ముఖం చూసి నాకే జాలేసింది. ఒక్క క్షణం. తర్వాత మిర్చీల మీదికి మళ్ళింది నా దృష్టి.

"ఎట్ల సార్? మంగళవారం నుంచి?"

"నువ్వు ఒక్కొక్క పుస్తకం పేరు కొడుతున్నవ్. గట్లయితే ఎప్పటికయితది? ఒక్క మాట కొట్టాలె. 'సక్సెస్' అని కొట్టు, వంద వస్తయి. వరసగ నొక్కుకుంట పోవుడే. చూసే పనే లేదు." మిర్చి కొరికారు. "మొన్న 'హిస్టరీ' అని కొట్టిన. మూడువందలు. ఒక్క పూటల."

"గ్రేట్ సార్."

"చదివేటోనికి ఓపిక కావాలె నాగేశ్వర్."

అనూహ్య గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. తన మొదటి వినియోగదారులను కళ్ళారా చూస్తోంది పాపం.

"సార్," అంది. "అందుల చదివినయి, చదవనియి అని టిక్ పెట్టుకునే గడి గూడ ఉంది."

సారు మిర్చి తొడిమను పళ్ళెం అంచున పెట్టారు.

"నువ్వేనామ్మా చేసింది? వెరీ గుడ్," అన్నారు సారు. "ఆ గడి ఎవలు వాడుతరు? తీసెయ్యి. పేజీ నీట్‌గ ఉంటది."

నేను ఛాయ్ కప్పులు తీస్తూ అడిగాను. "సార్, లైబ్రరీ చూస్తనన్నరట?"

"చూస్తున్న గదమ్మా," అన్నారు ఫోనులోంచి తల ఎత్తకుండా. నిజమే, మా ఆయన పేజీలోనే ఉన్నారు, వేలితో పైకి తోస్తూ. "జర్మన్ గూడ వస్తదా నాగేశ్వర్ నీకు?"

"కొద్దిగ సార్."

ఇంకో అరగంట ఇద్దరూ ఒకరి పేజీలు ఒకరు చూసుకున్నారు. అట్ట బొమ్మలు మెచ్చుకున్నారు. ఇద్దరి దగ్గరా ఉన్న పుస్తకం ఒకటి తగిలితే చిన్ననాటి స్నేహితుడు కలిసినట్టు నవ్వుకున్నారు. దానిలో ఏముందో ఇద్దరిలో ఒక్కరు కూడా రెండోవారిని అడగలేదు, మర్యాదస్తులు. లేవబోయే ముందు సారు చెయ్యి తుడుచుకుని, చెప్పుల కోసం వెనక్కి తిరిగారు. అప్పుడు షెల్ఫ్ కనపడింది.

మా ఆయన శ్వాస ఆపేశారు. నేనూ ఆపాననే చెప్పాలి.

"షెల్ఫ్ మంచిగ చేయించినవ్," అన్నారు సారు. దగ్గరికెళ్ళి, పుస్తకాలకు ఇవతల ఉన్న పలక అంచును వేలితో తట్టారు. "ప్లైవుడ్ ఎక్కడిది?"

"బీరంగూడ సార్."

"మాక్కూడ ఒకటి చేయించాలె. ఇంత జాగల పెద్ద టీవీ పెట్టొచ్చు."

వెళ్ళిపోయారు.

కారు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి ఈయన పైకి వచ్చారు. నడుము పట్టుకుని సోఫాలో కూలబడ్డారు. మెల్లగా ఆయన ముఖంలో ఏదో తెల్లవారింది.

"చూడనే లేదు," అన్నారు.

"లేదు."

"ఎర్ర లేబుల్ ఏందని గూడ అడగలే."

"లేదు."

"అంటే..." కిటికీలోంచి కిందికి తొంగి చూశారు. ఐలన్న ఆటో చక్రం నీడలో కూర్చుని మిర్చీలు తింటున్నాడు. "ఐలన్న ఇంక ఇక్కడ్నే ఉన్నడు గదా. ఇగ ఎవలు రారు. మళ్ళ దించితే..."

నేను కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు భయమేసింది. అది ఒట్టి తెల్ల కాగితం. స్కూటర్ సీటు మీద, అవసరంలో రాసింది. చింపి పారేస్తే నేను చేయగలిగింది ఏమీ లేదు. మొదలు పెట్టాల్సింది మళ్ళీ బియ్యం డబ్బా నుంచే.

ఆయన చింపలేదు. కళ్ళజోడు పెట్టుకుని, పందొమ్మిదేళ్ళుగా ఇతరుల కాగితాలు చదివినట్టే చదివారు. పెదవి విరిచారు.

"ఇది చెల్లది."

"ఎందుకు?"

"డాక్యుమెంట్ నంబర్ లేదు. నంబర్ లేని కాగితం కాగితమే కాదు. పేజీలెన్నో రాసి లేదు. ఎప్పటి నుంచి అమలో లేదు. గిట్లాంటిది మా దగ్గరకి వస్తే మొకాన కొడ్తం."

"అవునా," అన్నాను. పెన్ను ఆయన పక్కన పెట్టాను. "నంబర్ ఎట్ల ఉంటది మీ దగ్గర? ఊరికెనే ఒకటి రెండు అనా?"

"ఊరికెనే ఎట్ల ఉంటది? ముందు విభాగం పేరు రావాలె. తర్వాత సంవత్సరం. తర్వాత వరస నంబర్, మూడంకెలు." చెబుతూ చెబుతూ పెన్ను తీసుకున్నారు. కాగితం కుడివైపు పైమూల ఖాళీ చూస్తే ఆయనకు మనసొప్పలేదు. ఇంట్లో గోడకు వంకరగా ఉన్న క్యాలెండర్ చూసినా ఇంతే. రాశారు. "గిట్ల. ఇల్లు, గీత, ఇరవై ఆరు, గీత, సున్న సున్న ఒకటి."

"పేజీలు?"

"ఒకటిలో ఒకటి." రాశారు.

"అమలు?"

"సంతకం పెట్టిన దినం నుంచే." తేదీ వేసి, పక్కన పొట్టి సంతకం గీశారు. అనూహ్య లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. దగ్గు వినపడింది, అది దగ్గు కాదు.

ఈయన కాగితం దూరంగా పట్టుకుని పైనుంచి కిందికి మళ్ళీ చదివారు. తృప్తిగా తల ఊపారు.

"ఆఁ. ఇప్పుడు కరెక్టుగ ఉంది."

అని ఆగారు. మూడో పేరా దగ్గర కళ్ళు నిలిచిపోయాయి. పెన్ను మూత పెట్టబోతున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"సారూ!" కింది నుంచి ఐలన్న కేక. "పోవాల్నా, ఉండాల్నా?"

ఈయన కాగితం చూశారు. నన్ను చూశారు. నేను వేడి తగ్గిన బాణలి చూశాను. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళారు.

"పో ఐలన్నా," అన్నారు చివరికి. "మాలు లేదు."

ఆటో వెళ్ళిన చప్పుడయ్యాక లోపలికొచ్చి, కాగితాన్ని మడవకుండా, రెండు చేతులా పట్టుకుని అడిగారు.

"దీని ఒరిజినల్ ఎవలి దగ్గర ఉంటది?"

"నా దగ్గర," అన్నాను. "మీకు జిరాక్స్ ఇస్త."

సాయంత్రం చౌరస్తా దాకా నడిచివెళ్ళి జిరాక్స్ తీయించుకొచ్చాను. అందినట్టు వెనక సంతకం పెట్టి తీసుకున్నారు.